కందకంలో మిలిటరీ లారీ

మొన్న మా మేనమామ దినాలకు వెళ్లాను. చిత్తూరు నుంచి వంటమాస్టర్లు వచ్చి వండారు. షామియానా కింద బల్లలు వేసి, వాటి మీద చుట్టగా చుట్టుకొచ్చిన కాగితం పరిచి, ఆకులు వేశారు. మారు వడ్డించేటప్పుడు శ్రీసిటీలో ఏదో కంపెనీలో పనిచేసే పిల్లవాడొకడు, మాకు దూరపు చుట్టం, "మాస్టరూ, సాంబార్లో ఉప్పు తక్కువుండాదే" అని కేకేశాడు. నా చేతిలో ముద్ద అట్లే ఆగిపోయింది. అక్కడున్న ముసలివాళ్లం ఇద్దరు ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వంటమాస్టరు ఉప్పు పాకెట్టు చించుకొచ్చి ఆ పిల్లవాడి ఆకు మీద ఇంత రాల్చి వెళ్లిపోయాడు. అంతే. ఎవరి విస్తరీ ఎగరలేదు, ఎవరి తలా పగల్లేదు. పిల్లవాడు ఫోను చూసుకుంటూ తిని లేచాడు.

చేయి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే మేకలదొడ్డికి వాకిలిగా ఒక ఇనుప తలుపు కనిపించింది. పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా లేచి, కింద తుప్పు. అద్దం ఉండాల్సిన చోట తడిక కట్టారు. తలుపు మధ్యలో చిల్లులు. మధ్యాహ్నపు ఎండ ఆ చిల్లుల గుండా పోయి లోపల పడుకున్న మేకపిల్ల వీపు మీద బిళ్లలు బిళ్లలుగా పడుతోంది. దగ్గరికి పోయి వేలు పెట్టి చూశాను. ఇన్నేళ్లయినా నా చూపుడువేలికి ఆ చిల్లు గుర్తుంది. అది మా మిలిటరీ లారీ తలుపు.

మా అమ్మ పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకే ఊళ్లో. పుత్తూరు దోవలో రోడ్డు దిగి లోపలికి పోవాలి. మా వాకిట్లో నిలబడి గట్టిగా పిలిస్తే మామ ఇంట్లో పలికేవాళ్లు. మధ్యలో రెండిళ్ల చెరకు మళ్లు. మా మామిడితోపు మాత్రం మామ పొలానికి అవతల, గుట్ట కింద ఉండేది. తోపుకు పోవాలంటే మామ పొలంలోని బండిబాట ఒక్కటే దోవ. అమ్మను ఇచ్చేటప్పుడు మా తాత, "నా బిడ్డ నడిసే దోవే నీకూ దోవ, అల్లుడా" అన్నాడట. ఆ మాటే పత్రం. తాత బతికినంత కాలం మా ఎద్దులబండి ఆ బాటలో పోయేది, మామ ఎదురొస్తే నాయన బండి ఆపి బీడీ ఇచ్చేవాడు. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనుకుంటూ బండి చక్రానికి ఆనుకుని నవ్వుకోవడం నేను చిన్నప్పుడు చూశాను. చూశాను గనకనే తర్వాత జరిగింది నాకు ఇంత గట్టిగా గుర్తుంది.

తాత దినాల్లో వచ్చింది తంటా. నాయన అందరితోపాటు పంక్తిలో కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైనట్టుండాదే" అన్నాడు. కావాలని అనలేదు. మా నాయనకు నాలుక ముందు పుట్టింది, బుద్ధి తర్వాత పుట్టింది. మామ గుండు కొట్టించుకుని, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్లతో వడ్డన చూస్తున్నాడు.

"మా నాయన సచ్చి బూడిదై పోతే నీకు ఉప్పు గావల్సొచ్చిందా బావా?"

"సచ్చినోళ్ల పేరు సెప్పి బతికినోళ్లకు సప్పిడి కూడు పెడ్తారా ఏంది?"

మామ విస్తరిని కాలితో తన్నాడు. అన్నం ఎగిరి నాయన గుండెల మీద పడింది. నాయన లేచి, పక్కనే పొగలు కక్కుతున్న సాంబారు బకెట్టు ఎత్తి మామ మీద విసిరాడు. మామ భుజం నుంచి మోచేతి దాకా తోలు లేచిపోయింది. ఆ కాలిన చేత్తోనే మామ వడ్డించే ఇత్తడి గరిటె తిప్పి కొట్టాడు. నాయన చెవి తమ్మె చీలి వేలాడింది. ఆడవాళ్లు అరుస్తున్నారు, కుక్కలు అన్నం తింటున్నాయి. అమ్మ ఇద్దరి మధ్యకు వచ్చింది, ఇద్దరి మోచేతులూ తగిలి కింద పడింది. తన తండ్రి దినాల్లో తనే తినలేదు ఆమె.

వారం తిరక్కముందే మామ బండిబాటకు అడ్డంగా కందకం తవ్వించాడు. నాయన పంతానికి ఎద్దులను దాంట్లోకి దించాడు. బండి తిరగబడి మా ఎర్రెద్దు ముందుకాలు విరిగింది. అది కందకంలో పడి సాయంత్రం దాకా అరిచింది. నాయన దాని తల పక్కన కూర్చుని, దాన్ని కాదు, గట్టు మీదున్న మామను తిడుతూ ఏడ్చాడు. ఆ తర్వాత మామిడికాయల కాలం వచ్చినప్పుడల్లా కొట్లాటే. కాయలు తలకెత్తుకుని పోయే కూలీల గంపలు నరికేవాళ్లు మామవాళ్లు. రాత్రికి రాత్రి వాళ్ల చెరుకు పశువులకు మేపేవాళ్లు మావాళ్లు. మా ఇంట్లో పసుపు కూరలోకన్నా దెబ్బల మీదకే ఎక్కువ ఖర్చయ్యేది.

చిన్నాయన, మా నాయన తమ్ముడు, మద్రాసు బెంగళూరు దోవలో లారీ తోలేవాడు. పెళ్లి చేసుకోలేదు, నోరు తెరిస్తే నవ్వే. మిలిటరీవాళ్లు వాడేసి పక్కన పెట్టిన లారీలను మద్రాసు దగ్గర వేలం వేస్తున్నారని, మామూలు లారీకి వెనక చక్రాలే లాగుతాయి గానీ వాటికి ముందువి కూడా లాగుతాయని మాటవరసకు ఇంట్లో చెప్పాడు. సంగటి తింటున్న నాయన ముద్ద చేతిలోనే పెట్టుకుని, "గుంతలో దిగితే?" అన్నాడు.

"ఎక్కతాదన్నా. యుద్ధంలో గుంతలుండవా?"

అమ్మ మజ్జిగ చెంబు కింద పెట్టి నాయన ముఖంలోకి చూసింది. లారీ ఇంకా మద్రాసులోనే ఉంది, మా అమ్మకు మాత్రం అది అప్పటికే కందకంలో దిగిపోయింది.

వేలంలో కొని, ఇంకో లారీకి గొలుసు కట్టి లాక్కొచ్చారు దాన్ని. పొడుగాటి ముక్కు, గంతలు కట్టినట్టు దీపాల మీద రేకు మూతలు, మనిషి నడుమెత్తు చక్రాలు. ఊరంతా చుట్టూ చేరింది. దానికి తాళంచెవి లేదు. ఒక మీట తిప్పితే చాలు, ఎవరైనా స్టార్టు చేయొచ్చు. "యుద్ధంలో తాళంచెవి ఎతుక్కుంటా కూసుంటారా" అన్నాడు చిన్నాయన. అంటే దాచిపెట్టడానికి మా అమ్మకు తాళంచెవి కూడా దక్కలేదు. నాయన దాని ముక్కు మీదకెక్కి నిలబడి మామ ఇంటి వైపు తిరిగి కేకేశాడు: "బావా! దీనికి ముందర సక్రాలు గూడా లాగతాయంట. నీ కందకం గాదు, నీ కొంపనే దాటిపోతాది సూస్తా ఉండు!"

అటునుంచి మామ గొంతు వినిపించింది: "రానీ బావా! ఆ ఇనప గేదెను నా గట్టు మింద కాలు పెట్టమను. కాళ్లు నరికి కొలిమిలో ఏస్తా!"

బెల్లం గానుగ కొట్టంలో పెట్టారు లారీని. అది చెరుకు ఆడే కాలం. ఒక పక్క పెనంలో రసం కాగుతుంటే ఇంకో పక్క వెల్డింగు పొగ. ఆ రోజుల్లో మా ఇంట్లో తలదువ్వుకున్నా, అన్నం తిన్నా, నీళ్లు తాగినా డీజిలూ బెల్లమూ కలిసిన వాసనే. ఇప్పటికీ పెట్రోలు బంకు దగ్గర ఎవరైనా మిఠాయి పొట్లం విప్పితే నేను ముక్కు మూసుకుని దూరం జరుగుతాను. చిత్తూరు నుంచి బాషా మేస్త్రి వచ్చాడు. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది. మొదటిరోజే లారీని "సచ్చిన దున్నపోతు" అన్నాడని నాయన ఆయన్ను చెంపమీద కొట్టాడు. బాషా మేస్త్రి పోయి పెద్ద పానా తెచ్చి నాయన మణికట్టు మీద ఒక్కటి వేశాడు. ఇద్దరూ రొప్పుతూ నిలబడితే అమ్మ మధ్యలో సంగటి చట్టి పెట్టి, "కొట్టుకునేది అయిపోతే తినండప్పా, సల్లారిపోతాది" అంది. ఊరిబిండి నంజుకుని ఇద్దరూ ఒకే చట్టిలో తిన్నారు. వేరుశనగ వేయించి, పచ్చిమిరపకాయలు కాల్చి, రోట్లో అమ్మ నూరే ఊరిబిండి కోసం బాషా మేస్త్రి దెబ్బలైనా తినేవాడు. మా ఇంట్లో ఆ కాలంలో దెబ్బలు పలకరింపుల్లాగే నడిచేవి.

ముందు పాత ఇంజను దించారు. దాని చోట మామూలు లారీ ఇంజను పెట్టాలంటే కింద దిమ్మెలు కోసి అతకాలి. అతికారు. అతుకు ఊడితే మళ్లీ అతికారు. బరువు మోసే కమాన్లకు అదనంగా పట్టీలు వేశారు. తుప్పుపట్టిన బోల్టు రాకపోతే సమ్మెట పట్టి నాయనే కొట్టేవాడు, ఒక్కొక్క దెబ్బకూ మామ పేరు చెప్పి. ఆ దెబ్బలు చెరకు మళ్ల మీదుగా పోయి మామ ఇంటి గోడకు తగిలేవి. మామ ఊరుకునేవాడా? ఇక్కడ సమ్మెట మోగితే అక్కడ గడ్డపార మోగేది. లారీ ఎత్తు పెరిగే కొద్దీ కందకం లోతు పెరిగింది. గట్టు మీద రాళ్లు కుప్పలు పడ్డాయి.

పచ్చరంగు గీకుతున్నప్పుడు డ్రైవరు వైపు తలుపులో మెత్తిన పూత రాలి చిల్లులు బయటపడ్డాయి. బాషా మేస్త్రి చూసి, "గుండ్లన్నా ఇవి. తుపాకి గుండ్లు" అన్నాడు. నాయనకు పట్టరాని సంతోషం. ఊళ్లో ఎవరొచ్చినా తీసుకుపోయి చూపించేవాడు. వాటిని పూడ్చొద్దన్నాడు. అమ్మ పాల చెంబు చంకలో పెట్టుకుని వచ్చి, చిల్లులో వేలు పెట్టి, ఆ వేలు సూటిగా ఎటు పోతుందో వంగి చూసింది. సీటు మీదకు పోతుంది. "ఈడ కూసోనుండినోడు యావమ్మ కన్న బిడ్డో" అంది. అమ్మ వెళ్లిపోయాక నేనూ పెట్టి చూశాను వేలు. చల్లగా ఉంది.

చివరికి ముందర రైలుపట్టా ముక్క అడ్డంగా బిగించారు. అమ్మ అడిగింది, "మామిడికాయలు మొయ్యను రైలుపట్టా ఎందుకు?" అని. నాయన నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమె చీర కొంగు దోపుకుని సరాసరి పుట్టింటికి నడిచింది. నన్ను వెంట తీసుకుపోయింది. మామ వాకిట్లో గడ్డపార మొన సానపెడుతున్నాడు. భుజం మీద ఆ కాలిన మచ్చ నున్నగా మెరుస్తోంది.

"అన్నా, కందకం పూడ్సెయ్. నా మాట ఇను."

"నీ మొగుడు వొచ్చి నా కాళ్లకాడ ఉప్పు తక్కువ్లేదు అని సెప్పమను, పూడ్సేస్తా."

"ఆయన సెప్పడు. నువ్వు పూడ్సవు. ఎవురు సచ్చినా ఏడ్సాల్సింది నేనొగదాన్నే గదన్నా. ఒగపక్క తాళి తెగతాది, ఒగపక్క పుట్టిల్లు తెగతాది. నేను యాడికి పోవల్ల?"

మామ సానరాయి ఆపాడు. చెల్లెలి పాదాల వైపు చూశాడు. మళ్లీ సానపెట్టడం మొదలుపెట్టాడు.

బండి సిద్ధమైన పొద్దున గంగమ్మకు మేకపోతును ఇచ్చారు. గానుగ కొట్టం ముందర లారీని కడిగి, పసుపు పూసి, వేపమండలు కట్టారు. మేకపోతు తల తెగి పడగానే నాయన ఆ నెత్తురు నాలుగు చక్రాలకూ పోసి, అరచేయి ముంచి లారీ ముక్కు మీద అద్దాడు. జనమంతా ముందువైపు ఉన్నారు, డప్పులు మోగుతున్నాయి. నేను కొట్టం గోడ పక్కన కూరలోకి తెల్లగడ్డలు ఒలుస్తున్నాను. అమ్మ పెనం దగ్గరికి పోయి, ఉడుకుతున్న పాకం చెంబుతో ముంచుకుని, లారీ వెనకవైపు వచ్చి, డీజిలు ట్యాంకు మూత తిప్పి పోసింది. కొంగుతో మూత తుడిచి బిగించింది. సంగటిలో నీళ్లు పోసినంత నిమ్మళంగా చేసింది. నన్ను చూసి, "ఇంగ కదల్దులే పాపా" అంది.

మా అమ్మకు తెలిసిందంతా వంటిల్లే. కాగే పాలలో ఉప్పురాయి పడితే ఆ క్షణమే విరుగుతాయి. ఇంజను కూడా అంతే అనుకుంది. లారీ కొట్టంలోనే గొంతు పట్టుకుని చచ్చిపోతుందని, మొగుడు తిట్టుకుంటూ లోపలికొచ్చి మేకకూర తింటాడని, ఆ పూటకు ఇద్దరూ బతుకుతారని ఆమె లెక్క. చిన్నాయన అటువైపు వచ్చి ట్యాంకు మీద చీమల బారు చూసి, "మా లారీకి సక్కెర రోగమొచ్చినట్టుండాదే" అని నవ్వి తుడిచేశాడు. బెల్లం కొట్టంలో చీమలు ఎవరికి వింత?

నాయన మీట తిప్పాడు. లారీ ఒళ్లంతా ఒకసారి దులుపుకుని, గుండె అదిరేలా అరిచి, స్టార్టయింది. అమ్మ చేతిలో చెంబు కింద పడింది.

లారీ ముందర, మేమంతా వెనక. అమ్మ పరుగెడుతూ, "ఆపండి, ఆపండి" అని అరుస్తోంది, డప్పుల్లో ఎవరికీ వినపడ్డంలేదు. చిన్నాయన చక్రం వెనక పెట్టే చెక్కదిమ్మె భుజాన వేసుకుని లారీ వెంట నడుస్తున్నాడు. ఎత్తు ఎక్కే బండి వెనక మనిషి దిమ్మెతో నడవడం లారీ వాళ్ల పద్ధతి. మామిడితోపు వైపు తిరిగాక మామ కనిపించాడు. కందకం అవతలి గట్టు మీద, బాట నడిమధ్య నులక మంచం వేసుకుని, దాని మీద గడ్డపార అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇరుపక్కలా ఆయన మనుషులు.

"రా బావా! నా మింద ఎక్కించుకోని పో!"

"లెయ్ బావా! లెయ్యకపోతే మంచంతో గూడా తొక్కేస్తా!"

రాళ్లు వచ్చాయి. అద్దం పగిలి నాయన ముఖమంతా నెత్తురు. రేకుల మీద రాళ్లు పడుతుంటే డప్పులకన్నా గట్టిగా మోగింది. నాయన ఆపలేదు. లారీ ముక్కు వంచి కందకంలోకి దిగింది. అడుగున బురదలో ఒక్క క్షణం నాలుగు చక్రాలూ తిరిగాయి, తర్వాత పట్టు దొరికింది. మిలిటరీవాళ్ల బండి మాట నిలబెట్టుకుంది. ముక్కు పైకి లేచింది. రైలుపట్టా గట్టు అంచును పిండిలా చిదుపుకుంటూ వచ్చి మామ మంచం కోళ్ల ముందుకొచ్చింది. మామ లేవలేదు. గడ్డపార రెండు చేతులా పట్టుకుని నాయన కళ్లల్లోకి చూస్తున్నాడు. నాయన నెత్తుటి కళ్లతో మామను చూస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ రెప్ప వేయలేదు.

అప్పుడు పట్టుకుంది పాకం. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. డప్పులు కూడా ఆగిపోయాయి. నాయన రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు, ఇంజను ఆగిన బండికి బ్రేకు బండరాయిలా బిగుసుకుని కిందికి దిగలేదు. అంత ఇనుమూ నిదానంగా వెనక్కి జారింది. చిన్నాయన దిమ్మె వేయడానికి వంగి ఉన్నాడు. దిమ్మె బురదలో జారింది. ఆయన అరుపు మా ఎర్రెద్దు అరుపులాగే ఉంది.

మొట్టమొదట కందకంలోకి దూకింది మామ. మంచం మీద నుంచి గడ్డపారతో సహా దూకి, చక్రం కిందకు గడ్డపార దోపి, కాలిన భుజం ఆనించి ఎత్తుతున్నాడు. నాయన పైనుంచి దిగి, మామను చూడగానే ఒళ్లు తెలియక, ఆయన మెడ మీద పిడికిలితో గుద్దాడు. మామ తల తిప్పలేదు.

"కొట్టింది సాలు. పట్టు బావా. బిడ్డ సచ్చిపోతాడు, పట్టు."

నాయన పట్టాడు. ఇద్దరూ ఒకే గడ్డపార మీద పడి, ఒకర్నొకరు బూతులు తిట్టుకుంటూనే ఎత్తారు. మామ కూర్చున్న మంచం మీదే చిన్నాయన్ను వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తారు. ముందుకోళ్లు మామ, వెనకకోళ్లు నాయన. వేలూరు పెద్దాసుపత్రిలో ఆయన కాలు మోకాలి కింద తీసేశారు.

రెండోరోజు బాషా మేస్త్రి కందకంలోకి దిగి ఇంజను ఎందుకు ఆగిందో చూశాడు. డీజిలు వడగట్టే గిన్నె విప్పితే లోపలంతా గోధుమరంగు ముద్ద. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, తల పైకెత్తి, "తీపి" అన్నాడు. నాయన ఇంకేమీ వినలేదు. మామ మనుషులే పోశారనుకుని ఇంట్లోకొచ్చి చెరుకు కొట్టే కత్తి తీసుకున్నాడు. అమ్మ గడపలో నిలబడింది.

"మా యన్న గాదు. నేను పోసినా."

నాయన కొట్టాడు. చేత్తోనే కొట్టాడు గానీ ఆ చెయ్యి సమ్మెట పట్టిన చెయ్యి. అమ్మ ముందుపన్ను ఊడింది. ఆమె ఆ పన్ను వాకిట్లో ఉమ్మి, నోరు తుడుచుకుని మళ్లీ గడపలోనే నిలబడింది. "ఇంగా పండ్లుండాయి, కొట్టు. అన్నీ రాలగొట్టినాక కత్తి లోపల పెట్టు." నాయన కత్తి కింద పడేసి, గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. ఆ పన్నును నేను ఏరి ఇంటి కప్పు మీదకు విసిరాను, పాలపళ్లు ఊడితే విసిరినట్టు.

అమ్మ ఎవరికైనా భయపడిందంటే అది చిన్నాయనకే. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు మంచం దగ్గరికి పోయి, లేని కాలి చోట దుప్పటి సర్దుతూ నిలబడింది. చిన్నాయన "వదినా, పాకం ఇంకొంచెం ముదురు పెట్టుంటే కొట్టంలోనే నిలిసిపొయ్యుండు గదా. నీ చేత్తో ఎప్పుడూ లేతపాకమే" అన్నాడు. అమ్మ ఆయన మంచం కోడు పట్టుకుని కూలబడి ఏడ్చింది. ఆ మాటను ఇప్పటికీ నేను మోయలేను. నవ్వుతాను, ఏడుస్తాను.

లారీని బయటికి లాగుతానని బాషా మేస్త్రి వస్తే నాయన తాకనివ్వలేదు. మామా తాకనివ్వలేదు. అది కందకంలోనే నిలిచిపోయింది. వానలకు మట్టి కొట్టుకొచ్చి చక్రాలు పూడిపోయాయి, కందకమూ పూడిపోయింది. చివరికి లారీ పక్కనుంచి మా బండి కూడా పోయేది, అడ్డం చెప్పినవాళ్లు లేరు. కానీ బావలిద్దరికీ మాటల్లేవు. ఆ లారీ ఉన్న చోటు ఒక్కటే అటు మామదీ కాదు, ఇటు మాదీ కాదు. అమ్మ అది కనిపెట్టింది. ఊరిబిండి నూరిన రోజు, చింతాకు పులుసు పెట్టిన రోజు, ఒక గిన్నెలో సంగటి ముద్ద పెట్టి ఆకు మూసి లారీ సీటు మీద పెట్టి వచ్చేది. మామ మేకలను తోలుకుని అటువైపు వచ్చేవాడు. సాయంత్రానికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. గుండ్ల చిల్లులున్న ఆ తలుపు వేసుకుని, లోపల ఒక్కడే కూర్చుని తినేవాడన్నమాట. నాయనకు తెలియదని మేమనుకునేవాళ్లం. ఒకనాడు అమ్మకు జ్వరమొస్తే నాయన, "ఈపొద్దు గిన్నె పాప పెట్టొస్తాదిలే" అన్నాడు గోడ వైపు తిరిగి.

ఇప్పుడు ఆ తోపు ఎవరికో కౌలుకు ఇచ్చాం. కాయలు కోసేది ఎవరో, మోసేది ఎవరో తెలియదు. గుజ్జు ఫ్యాక్టరీ లారీలు గుట్ట అవతల కొత్తరోడ్డులో వచ్చిపోతాయి. ఆ బండిబాట కంపచెట్లు మొలిచి మూసుకుపోయింది. దానికోసం ఒక కాలు, ఒక పన్ను, ఒక ఎద్దు పోయాయని చెబితే నా కోడలు నమ్మదు. "అంత కోపమేంటి అత్తా మీకు" అంటుంది. కోపం మంచిదని నేననను. ఆ దెబ్బలు తిన్న అమ్మ ముఖం నా కళ్లముందే ఉంది. కానీ తండ్రి పోయిన కడుపుమంటలో విస్తరి తన్నిన మనిషి, చిన్నాయన చక్రం కింద పడితే మొదట దూకిన మనిషి ఒక్కడే గదా అని మాత్రం అనిపిస్తుంది. మొన్న దినాల్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఎవరూ ఏడవనూ లేదు.

అమ్మ పోయినప్పుడు మామ పుట్టింటి చీర తెచ్చి మా గడప తొక్కకుండా లారీ ముక్కు మీద పెట్టి నిలబడ్డాడు. నాయనే పోయి తెచ్చి ఆమెకు కప్పాడు. అమ్మ దినాలైపోయి చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం నాయన పొయ్యి దగ్గర కూర్చుని తనే చింతాకు పులుసు పెట్టాడు. ఆయన జన్మలో పొయ్యి ముట్టుకున్న మనిషి కాదు. అమ్మ గిన్నె వెతికి, సంగటి పెట్టి, పులుసు పోసి, ఆకు మూసి, తీసుకుపోయి లారీలో పెట్టి వచ్చాడు. మొలకత్తి పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. "తిననీ. బలంగా ఉండల్ల. నేనింగా వాణ్ని ఇడ్సిపెట్టలే" అన్నాడు చిన్నాయనతో. చిన్నాయన చంకకర్ర మీద గడ్డం ఆనించి నవ్వాడు.

మామ మేకలతో వచ్చాడు. తలుపు చప్పుడైంది. కొంచెంసేపటికి తలుపు మళ్లీ తెరుచుకుంది. మామ లారీ మెట్టు మీద నిలబడి, చేతిలో గిన్నెతో, మా ఇంటి వైపు తిరిగి, ఇన్నేళ్లలో మొదటిసారి నోరు విప్పి కేకేశాడు.

"బావా! ఉప్పు లేదు!"

నాయన దిగ్గున లేచాడు. నేను పరుగెత్తి మొలకత్తి మీద కాలు పెట్టాను. ఆయన దానివైపు చూడనే లేదు. వంటింట్లోకి పోయి, ఉప్పుజాడీలో చెయ్యి పెట్టి పిడికెడు రాళ్లుప్పు తీసుకుని, చెరకు మళ్ల గట్టు మీద లారీ వైపు నడిచాడు. ఉప్పు చేతినుంచి చేతికి ఇస్తే జగడమొస్తుందంటారు మావైపు. వెనక్కి పిలిచి గిన్నెలో వేసుకుపొమ్మని చెబుదామని నోరు తెరిచాను. మామ అప్పటికే మెట్టు దిగి అరచేయి చాపి నిలబడి ఉన్నాడు. వాళ్లిద్దరూ ఇంకా పడని జగడం ఏది మిగిలి ఉందో నాకు తట్టలేదు. పిలవలేదు.